పూచీకత్తు

సోమవారం పొద్దున సత్యభామ ఆఫీసుకు చేరేసరికి గేటు పక్క గోడ మీద పాత బోర్డు లేదు. నాలుగు బోల్టుల గుంటలూ, ఇన్నేళ్ళూ బోర్డు కప్పి ఉంచిన మేర వెలిసిపోని పసుపు రంగూ మిగిలాయి. కొత్త బోర్డు ఇంకా రాలేదు. సెక్యూరిటీ అతను విజిటర్ల రిజిస్టరులో కంపెనీ పేరు రాసే చోట పెన్ను ఆనించి, "ఈ పొద్దు ఏ పేరు రాసేది మేడమ్?" అని అడిగాడు.

"ఖాళీగా వదిలెయ్. మధ్యాన్నం చెప్తాను," అంది సత్యభామ.

యంత్రాలతో పాటు వచ్చే పుస్తకాలూ, మందుల డబ్బాల్లో మడిచి పెట్టే కాగితాలూ పది భాషల్లోకి అనువదించే కంపెనీ అది. పేరు పదసేతు. బెంగళూరు ఎలక్ట్రానిక్ సిటీలో ఒక మూడంతస్తుల భవనంలో రెండో అంతస్తు. శుక్రవారం సాయంత్రం దాన్ని పుణెలోని కెల్విడా అనే పెద్ద కంపెనీ కొనేసింది. సత్యభామ అక్కడ హెచ్‌ఆర్‌లో పంతొమ్మిదేళ్ళుగా పనిచేస్తోంది. వారాంతమంతా ప్రింటర్ ముందు కూర్చుని, కెల్విడా వాళ్ళు పంపిన జాబితా ప్రకారం రెండు వందల పన్నెండు ఉత్తరాలు తీసింది. ఇకనుంచి మీరు కెల్విడా ఉద్యోగులు, జీతం అదే, సర్వీసు లెక్క అదే అని చెప్పే ఉత్తరాలు. ఒక్కోటి రెండు ప్రతులు.

తొమ్మిదిన్నరకల్లా ఆమె బల్ల ముందు వరస కట్టారు. నీళ్ళ స్పాంజి మీద బొటనవేలు అద్దుకుని ఒక్కో ఉత్తరం తీస్తోంది, ప్రతి పేజీ కిందా పొట్టి సంతకం, చివరి పేజీలో నిండు సంతకం చేయించుకుంటోంది, ఒక ప్రతి ఇచ్చేసి రెండోది దొంతరలో బోర్లిస్తోంది. ఇంగ్లీషు అక్షరక్రమంలో నితిన్ అయ్యాడు. తర్వాత చేతికి వచ్చింది నుస్రత్ ఉత్తరం. సత్యభామ వేలు ఆగింది. రెండు కాగితాలు అంటుకున్నాయేమోనని అంచు రుద్ది చూసింది. అంటుకోలేదు.

మధ్యలో ఉండాల్సింది నోరో. ఫ్రెంచి టీములో అయిదేళ్ళుగా ఉన్న మడగాస్కర్ ఆవిడ.

హాజరు పట్టీ తీసి లెక్కపెట్టింది. రెండు వందల పధ్నాలుగు మంది. ఉత్తరం లేనివాళ్ళు ఇద్దరు. ఒకటి తనది. కెల్విడా తరఫున వచ్చిన అచ్యుత్, "మీది చివర్న ఇస్తానండీ, పనులన్నీ మీ చేతిలోనే ఉన్నాయి కదా," అని ముందే చెప్పాడు. రెండోది నోరోది.

అచ్యుత్ అద్దాల గదిలో ఉన్నాడు. ముప్పై నాలుగేళ్ళ హైదరాబాదు కుర్రాడు. ఎవరితోనైనా మెత్తగా మాట్లాడతాడు.

"అచ్యుత్ గారూ, ఒక పేరు మిస్సయింది. నోరో."

"మిస్సవలేదండీ. లిస్టులోంచి తీసేశాం. ఆవిడ ఫారినర్ కదా."

"అయితే?"

అతను లాప్‌టాప్ మూత సగం దించాడు. "రెండు కంపెనీలు కలిసిపోయి ఒకటైతే వీసా మీద స్పాన్సర్ పేరు మార్పించుకోవచ్చు. ఇక్కడ మేం కంపెనీని కొనలేదు, వ్యాపారం మాత్రం కొన్నాం. పదసేతు అనేది కాగితం మీద అలాగే ఉంటుంది, మీ పాత ఓనరు వీరభద్రం గారి కిందే. ఆవిడ వీసా ఆ కాగితానికి కట్టి ఉంది. మా దగ్గర చేరాలంటే దేశం వదిలి వెళ్ళి, మా పేరు మీద కొత్త వీసాతో రావాలి. ఫ్రెంచికి మాకు వేరే ఏజెన్సీ ఉందండీ. అంత ప్రాసెస్ ఎవరు చేస్తారు?"

"ముందే ఏమైనా చేసుంటే?"

"ముందే తెలిస్తే లీగల్ వాళ్ళు చూసేవాళ్ళు. ఒప్పందంలో ఒక లైను రాసి, ఆవిణ్ణి కొన్నాళ్ళు పాత కంపెనీలోనే ఉంచేవాళ్ళు. కానీ మీ వైపు నుంచి వచ్చిన ఫారంలో విదేశీ ఉద్యోగులు లేరనే ఉంది."

"ఆ ఫారం ఎవరిచ్చారు?"

"చూసి పంపిస్తాను. ఇంకో పని సత్యభామ గారూ. ఆవిడ ఉద్యోగం ఈ శుక్రవారంతో అయిపోతోందని విదేశీయుల నమోదు ఆఫీసుకి పదసేతు తరఫున చెప్పాలి. వాళ్ళ వెబ్‌సైటు లాగిన్ మీ దగ్గరే ఉందట. అది పూర్తయ్యాక మీ లెటర్ కూడా ఇచ్చేస్తాను."

భోజనాల వేళకి ఫారం మెయిల్లో వచ్చింది. నవంబరు నాటిది. ఎనభై నాలుగు ప్రశ్నలు. అరవై ఒకటోది, ఎక్స్‌పాట్ ఉద్యోగుల వివరాలు. ఎదురుగా 'లేరు' అని ఉంది. చివరి పేజీలో సంతకం తనది.

ఆ రోజు గుర్తుకొచ్చింది. దీపావళి సెలవులకి ముందు రోజు. ఎక్స్‌పాట్ అంటే ఏమిటని అకౌంట్స్ ఆయన్ని అడిగితే, "విమానాల్లో తిరిగే దొరలమ్మా, మన దగ్గర ఎవరుండారు," అన్నాడు. ఆయన నవ్వాడు. తనూ నవ్వి, 'లేరు' అని టైపు చేసి, తర్వాతి ప్రశ్నకి వెళ్ళింది.

బీరువా తెరిచి నోరో ఫైలు తీసింది. మొదటి కాగితం అయిదేళ్ళ కిందటి పూచీకత్తు. ఈ విదేశీయురాలు భారతదేశంలో ఉన్నంతకాలం ఆమె నడవడికకీ, ఆమె మీద ఆధారపడ్డవారికీ, తిరుగు ప్రయాణానికీ మా సంస్థ పూచీ పడుతుంది. సంస్థ తరఫున అని కింద తన పేరు, తన సంతకం, గుండ్రటి ముద్ర. అప్పటి సంతకంలో అక్షరాలు ఇంకా పొందికగా ఉన్నాయి.

పాంట్రీలో పనిచేసే సొన్నమ్మ టీ తెచ్చి బల్ల మీద పెట్టింది. సొన్నమ్మది హెబ్బగోడి. నోరో అద్దెకుండే సందు పక్క సందే. నోరో కూతురు బడి నుంచి వచ్చాక తల్లి చేరేదాకా సొన్నమ్మ కోడలి దగ్గరే ఉంటుంది.

"ఏం సత్యమ్మా, ముఖం అట్లుండాది?"

"ఏం లేదు సొన్నమ్మా."

టీ మీద మీగడ కట్టేదాకా ఆమె ఆ కాగితం వైపే చూస్తూ కూర్చుంది.

మంగళవారం నోరోని చిన్న గదిలోకి పిలిచింది. నోరో చెవి పైన పెన్సిల్ ఉంది. ఏది చదివినా వాక్యం కింద స్కేలు పెట్టి చదవడం ఆమెకి అలవాటు. ఆ స్కేలు కూడా చేతిలోనే వచ్చింది. వాళ్ళిద్దరూ ఇంగ్లీషులోనే మాట్లాడుకుంటారు. నోరోకి తెలుగు నాలుగు మాటలు తప్ప రాదు. ఆమె కూతురు మియోరాకి మాత్రం కన్నడం బడిలో, తెలుగు సొన్నమ్మ ఇంట్లో పట్టుబడ్డాయి.

సత్యభామ అంతా చెప్పింది. ఫారం సంగతి తప్ప.

నోరో మధ్యలో ఒక్కసారి కూడా అడ్డు రాలేదు. అయ్యాక గోడ మీది క్యాలెండరు దగ్గరికి వెళ్ళింది. "శుక్రవారం ఆఖరి రోజు. ఆ తర్వాత?"

"దేశం వదలడానికి పధ్నాలుగు రోజుల గడువు ఇస్తారు."

పెన్సిల్‌తో తేదీలు దాటుకుంటూ వెళ్ళి ఆగింది. కాగితం ఇంకో నెల తిప్పింది. "మియోరా పదో తరగతి పరీక్షలు మార్చి ఇరవై ఒకటిన మొదలు. ఏప్రిల్ నాలుగున ఆఖరి పేపరు. అయిదున వెళ్ళిపోతాం. కావాలంటే టికెట్లు ఇప్పుడే కొని చూపిస్తాను. జీతం వద్దు. పని చెయ్యమంటే చేస్తాను, వద్దంటే ఇంట్లో కూర్చుంటాను. ఆ పరీక్ష రాయనివ్వాలి, అంతే."

"అడుగుతాను."

"ఇక్కడ పరీక్ష రాయకుండా వెళ్తే అక్కడ ఏ తరగతిలో చేర్చుకుంటారో తెలీదు. దాని ఫ్రెంచి చదువు నాలుగో తరగతి దగ్గరే ఆగిపోయింది." ఆ మాట చెప్పేటప్పుడు నోరో స్కేలుని బల్ల అంచుకి సరిగ్గా ఆనించి పెట్టింది, జరిగితే మళ్ళీ సరిచేసింది.

విదేశీయుల ఆఫీసుకి ఫోను చేస్తే నాలుగోసారికి ఒక ఆఫీసరు దొరికాడు. ఓపిగ్గా విన్నాడు. "అర్థమయింది మేడమ్. పిల్ల వీసా తల్లి వీసా మీద ఉంది. తల్లి వీసా కంపెనీ మీద ఉంది. ఏప్రిల్ దాకా ఉద్యోగంలో ఉంచుకుంటున్నాం అని కంపెనీ రాసిస్తే మేం పరిశీలించవచ్చు. కంపెనీయే అక్కర్లేదంటే మేం దేన్ని చూసి ఇవ్వాలి చెప్పండి?"

అతను అడిగిందాంట్లో తప్పేమీ కనపడలేదు సత్యభామకి. అచ్యుత్ దగ్గరికి వెళ్ళింది.

"మేం రాయలేమండీ," అన్నాడతను. "మేం రాస్తే ఆవిడ మా ఉద్యోగి అయినట్టు. మా ఉద్యోగి కావాలంటే మా వీసా ఉండాలి. అది లేకుండా రాస్తే చట్టం ప్రకారం మా తప్పవుతుంది."

"పరీక్షలండీ. రెండు నెలలు."

"తెలుసండీ. నాకు మాత్రం జాలి లేదా? వీరభద్రం గారిని అడిగి చూడండి. స్పాన్సర్ ఆయనే."

వీరభద్రం మర్నాడు వచ్చాడు, దించిన బోర్డు తీసుకుపోవడానికి. అరవై ఎనిమిదేళ్ళ మనిషి. తాతల కాలం నుంచి బెంగళూరులోనే ఉన్న కుటుంబం. పదసేతుని ఇద్దరు టైపిస్టులతో మొదలుపెట్టిన రోజుల గురించి ఏటా ఆయుధపూజ నాడు చెప్పేవాడు. ఇప్పుడు స్టోరు గదిలో అట్టపెట్టె మీద కూర్చుని, డ్రైవరు చేత బోర్డుని పాత దుప్పట్లో చుట్టిస్తున్నాడు.

"ఏం సత్యా, బాగుండావా?"

"బాగుండాను సార్. నిన్న ఫోన్లో చెప్పినాను కదా, నోరో సంగతి."

"ఆ బిడ్డ నాకు తెలీదా అమ్మా? ఇంటర్వ్యూ జేసింది నేనే కదా." ఆయన అద్దాలు తీసి లుంగీ అంచుకి తుడవబోయి, ప్యాంటు వేసుకున్నానని గుర్తొచ్చి చొక్కాకి తుడుచుకున్నాడు.

"ఒక్క ఉత్తరం సార్. ఏప్రిల్ దాకా ఉద్యోగంలో ఉండాదని. మీరు రాస్తే చాలంట."

"రాసేదానికి నాకేమమ్మా. నేను సంతకం పెట్టిన అగ్రిమెంటులో ఒక మాట ఉండాది. ఈ శుక్రవారం దాటినాక పదసేతులో ఒక్క ఉద్యోగి కూడా ఉండకూడదని. ఉంటే ఒప్పందం మీరినట్టంట. వాచ్‌మన్ను కూడా పెట్టుకోవద్దప్పా అని మా లాయరు చెప్పినాడు."

"కెల్విడా వాళ్ళని అడిగితే ఆ మాట సడలించరా సార్?"

"పొద్దున్నే ఫోన్ జేసినా. లీగల్‌కు మెయిలు రాయమన్నారు. రాసినా. జవాబుకు ముప్పై దినాలని మిషను మాదిరి జవాబు వచ్చింది." ఆయన అద్దాలు పెట్టుకుని సత్యభామ వైపు చూసి, చూపు మళ్ళించుకున్నాడు. "ఈ బిడ్డ సంగతి ముందే ఒకరు చెప్పింటే, ఆ లైను పక్కన ఇంకో లైను రాయించుకునేవాడిని. నా దాకా ఎవురూ తేలేదు."

చుట్టిన బోర్డుకి తాడు కట్టడానికి డ్రైవరు వేలు పెట్టమంటే, సత్యభామ వంగి ముడి మీద వేలు పెట్టింది.

ఫ్రెంచి టీము ఉండేది మెయిన్ మెట్ల పక్కనే. వీరభద్రం ఆ దారిన వెళ్ళలేదు. సరుకులు దించే వెనక మెట్ల మీదుగా, రెయిలింగు పట్టుకుని, మెట్టుకొకసారి ఆగుతూ దిగిపోయాడు.

గురువారం మధ్యాహ్నం పాత లెటర్‌హెడ్లన్నీ ముక్కలు చేసే మిషను దగ్గరికి పంపాలి. సత్యభామ వాటిని తనే లెక్కపెట్టి కట్టలు కట్టింది. చివరి కట్టలోంచి రెండు కాగితాలు లాగి డ్రాయరులో పెట్టుకుంది. అందరూ టీకి లేచినప్పుడు టైపు చేసింది. నోరో మా సంస్థలో అనువాదకురాలిగా కొనసాగుతున్నారు, ఏప్రిల్ పదిహేను వరకు ఆమె సేవలు మాకు అవసరం, అప్పటివరకు పూర్తి పూచీ మాదే. ప్రింటు తీసి ముద్ర వేసింది. కింద నిండు సంతకం చేసింది.

ఆరింటికి సొన్నమ్మతో కలిసి హెబ్బగోడి బస్సెక్కింది. సందు మొదట్లో సొన్నమ్మ ఆగిపోయి, "నువ్వు పో. నేనొస్తే ఆ పాప నన్నే అడుగుతుంది, ఎందుకు పొమ్మంటుండారు అవ్వా అని. నాకేం తెలుసు చెప్పేదానికి?" అంది.

మేడ మీద ఒక గదీ, వంట చేసుకునే కాస్త చోటూ. మియోరా గోడకి ఆనుకుని కన్నడ పాఠం పైకి చదువుతోంది. పద్యం దగ్గర బడిలో నేర్పినట్టే రాగం తీస్తోంది. సత్యభామని చూసి పుస్తకం మూసి, "కూర్చోండి ఆంటీ," అని తెలుగులో అని, కుర్చీ మీది బట్టలు తీసింది.

నోరో ఉత్తరాన్ని దీపం కిందికి తీసుకెళ్ళి, స్కేలు పెట్టి, ఒక్కో వాక్యం చదివింది. మొదటినుంచి మళ్ళీ ఇంకోసారి.

"బాగా రాశావు. తప్పుల్లేవు," అంది. "ఇది నిజమా?"

"కాదు. కానీ లాగిన్ నా దగ్గరే ఉంది. రేపు పొద్దున అప్‌లోడ్ చేస్తాను. వాళ్ళు ఒక ఉత్తరం అడిగారు, ఇదే ఆ ఉత్తరం."

"కంపెనీ నడుస్తోందా అని వాళ్ళు చూడరా?"

"చూడకపోవచ్చు."

"చూస్తే?"

సత్యభామ ఒళ్ళోని సంచి పట్టీ సరిచేసుకుంది.

"చూస్తే నీ ఉద్యోగం పోతుంది," అంది నోరో. "నన్ను మాత్రం అబద్ధపు కాగితం మీద ఉన్నానని పంపిస్తారు. ప్రతి దేశం వీసా ఫారంలో ఒక ప్రశ్న ఉంటుంది. మిమ్మల్ని ఎప్పుడైనా, ఎక్కడినుంచైనా పంపించేశారా అని. నేను ఇంతవరకు లేదు అని రాస్తూ వచ్చాను. రేపు ఇది కూడా అలాగే రాయగలగాలి." గోడ దగ్గరి పిల్ల వైపు చూపించింది. "దానికి పదిహేనేళ్ళు. ఒక్క పరీక్ష కోసం దాని చేత జీవితాంతం అవును అని రాయించలేను."

ఉత్తరాన్ని మడత పడకుండా తిరిగి ఇచ్చింది. సత్యభామ అందుకుని ఒళ్ళో పెట్టుకుంది.

"నువ్వెందుకు ఇంత చేస్తున్నావు?" అని అడిగింది నోరో. అడగడంలో మెత్తదనం లేదు. అర్థం కాని పదాన్ని నిఘంటువులో వెతికేటప్పటి ముఖమే.

అప్పుడు సత్యభామ చెప్పింది. అరవై ఒకటో ప్రశ్న, 'లేరు' అన్న మాట, కింద తన సంతకం.

కుక్కర్ కూత పెట్టింది. మియోరా లేచి స్టవ్ తగ్గించి వచ్చింది.

"నేను ఆ రోజు సెలవులో ఉన్నానా?" అని అడిగింది నోరో.

"లేదు. ఆఫీసులోనే ఉన్నావు."

"ఎంత దూరంలో?"

"నాలుగు బల్లలు."

నోరో తల ఊపింది. సత్యభామ క్షమించమని అడుగుదామనుకుంది. అడిగితే ఈమె ఏదో ఒకటి అనాల్సి వస్తుందని, ఆ బరువు కూడా ఈమె మీద పెట్టలేక ఊరుకుంది.

"నాకు వేరే ఉత్తరం కావాలి," అంది నోరో చివరికి. "నిజమైనది. నేను ఎందుకు మధ్యలో వెళ్ళిపోతున్నానో అక్కడ బడివాళ్ళకీ, రేపు ఇంకో కంపెనీకీ చూపించుకోవాలి. నా తప్పు కాదని అందులో ఉండాలి."

సత్యభామ సంచిలోంచి రెండో లెటర్‌హెడ్ తీసింది. అక్కడే, పిల్ల రాసుకునే పలక బల్ల మీద పెట్టి, ఇంగ్లీషులో చేత్తో రాసింది. వ్యాపారం అమ్ముడైంది, ఆమె పనిలో ఏ లోపమూ లేదు, పొరపాటున ఆమె వివరాలు కొనుగోలుదారుకి తెలియజేయబడలేదు.

నోరో స్కేలు పెట్టి చదివి, ఆ చివరి వాక్యం దగ్గర ఆగింది. పెన్సిల్ తీసింది. "దీన్ని నేను ఫ్రెంచిలోకి మార్చుకోవాలి. తెలియజేయబడలేదు. ఎవరు తెలియజేయలేదు? ఇక్కడ మనిషి లేడు."

మియోరా పుస్తకం తెరిచింది, చదవడం మొదలుపెట్టలేదు.

సత్యభామ ఆ వాక్యం కొట్టేసింది. పదసేతు హెచ్‌ఆర్ అధికారిణినైన నేను, కె. సత్యభామ, ఫారంలో విదేశీ ఉద్యోగులు లేరని తప్పుగా రాశాను, అని కింద రాసింది. కొట్టివేత పక్కన పొట్టి సంతకం, అడుగున నిండు సంతకం చేసింది.

నోరో దాన్ని ప్లాస్టిక్ కవరులో పెట్టింది. థాంక్స్ చెప్పలేదు.

"అమ్మా, అయితే వచ్చేవారం ప్రిపరేటరీ రాయొచ్చా?" అని మియోరా అడిగింది. ఆ మాట తెలుగులో అని, తల్లికి అర్థం కాలేదని చూసి తమ భాషలో మళ్ళీ అడిగింది. నోరో రాయమంది.

శుక్రవారం సత్యభామ లాగిన్‌లోకి వెళ్ళి, ఉద్యోగం ముగిసిందని ఉన్నది ఉన్నట్టు నింపింది. నోరోకి ఇచ్చిన ఉత్తరం ఫోటో ఫైల్లో పెట్టి, ఫైలు అచ్యుత్‌కి ఇచ్చింది. నిబంధన ప్రకారం ప్రతి కాగితానికీ ప్రతి ఉండాలి.

అచ్యుత్ పేజీలు తిప్పుతూ ఆ ఉత్తరం దగ్గర ఆగాడు. "ఈ వాక్యం ఎందుకు రాశారండీ?"

"జరిగింది అదే."

"జరిగింది కావచ్చు. రేపు ఆవిడ కేసు వేస్తే ఈ కాగితం ఎవరి మీదికి వస్తుందో ఆలోచించారా? ఇది నేను చూడనట్టు ఉండలేను. లీగల్‌కి పంపాలి." అతను నిజంగానే బాధపడ్డాడు. టేబుల్ మీద కవరు ఒకటి ఉంది. దాని మీద సత్యభామ పేరు టైపు చేసి ఉంది. అతను దాన్ని తీసి బ్యాగులో పెట్టుకున్నాడు. "మీ లెటర్ కొంచెం ఆగుతుందండీ. జవాబు వచ్చేదాకా ఇంటి దగ్గరే ఉండండి. కార్డు మాత్రం రిసెప్షన్‌లో ఇచ్చి వెళ్ళండి."

రెండు వందల పన్నెండు మందికీ ఉత్తరాలు అందాయి. కొత్త బోర్డు వచ్చింది. గేటు దగ్గర సెక్యూరిటీ అతను రిజిస్టరులో పైనుంచి కిందిదాకా కెల్విడా, కెల్విడా అని నింపుకుంటూ, తలెత్తకుండానే "హోగి బన్ని మేడమ్" అని కన్నడంలో వెళ్ళిరమ్మన్నాడు.

మంగళవారానికి దేశం వదిలి వెళ్ళడానికి అనుమతి వచ్చింది. గురువారం మియోరా బడిలో కన్నడ ప్రిపరేటరీ రాసింది. అసలు పరీక్షకి ముందు బడిలో పెట్టే నమూనా పరీక్ష అది. శుక్రవారం పొద్దున నోరో బడికి వెళ్ళి టీసీ తీసుకుంది. శనివారం పదకొండింటికి ఎయిర్‌పోర్టు బస్సు. సొన్నమ్మా, సత్యభామా స్టాపు దాకా వెళ్ళారు. నాలుగు పెట్టెలు, ఒక మిక్సీ. మిక్సీ బరువెక్కువని నోరో చివరి నిమిషంలో సొన్నమ్మకి ఇచ్చేసింది. సొన్నమ్మ దాన్ని చంకలో పెట్టుకుని, పిల్ల బుగ్గలు రెండు చేతులతో పట్టుకోలేక ఒక చేత్తోనే నిమిరి, ఏడ్చింది.

నోరో బస్సు మెట్టెక్కి ఆగి, వెనక్కి తిరిగింది. "నీ ఉత్తరం వచ్చిందా?" అని సత్యభామని అడిగింది.

"ఇంకా లేదు."

ఇంకేదో అనబోయింది. కండక్టరు పెట్టెలు లోపలికి జరపమని కేకేశాడు. వెళ్ళి జరిపింది.

మియోరా కిటికీ తెరిచింది. "ఆంటీ, సోమవారం పేపర్లు ఇస్తారు. నా కన్నడ మార్కులు కనుక్కుంటారా?"

"కనుక్కుంటాను."

సోమవారం పదింటికి సత్యభామకి వెళ్ళాల్సిన చోటు వేరే లేదు. హెబ్బగోడిలో ఆ బడి ఒక కల్యాణమంటపం వెనక ఉంది. కన్నడ టీచరు పేరు జ్యోతి. వరండాలోనే దొరికింది. మియోరా పేరు చెప్పగానే ఆమె ముఖం ఒక్కసారి విప్పారి, మళ్ళీ చిన్నబోయింది.

"టీసీ తీసుకున్నారు కదా మేడమ్. పేరు తీసేశాక పేపరు దిద్దం." మార్కుల రిజిస్టరు తెరిచి చూపించింది. ఇరవై మూడో వరస మీద ఎర్రసిరా గీత. గీత కింద పేరు ఇంకా చదవడానికి వస్తోంది. కింది పిల్లలందరి వరస నంబర్లూ ఒక్కోటి తగ్గించి దిద్ది ఉన్నాయి. "పేపరు మాత్రం ఉంది. కావాలంటే తీసుకెళ్ళండి."

కట్ట అడుగునుంచి తీసి ఇచ్చింది. గుండ్రటి కన్నడ అక్షరాలు, వరసకీ వరసకీ మధ్య సమానమైన ఖాళీ. ఒక్క ఎర్ర గుర్తు కూడా లేదు.

"ఒక్కసారి దిద్దుతారా? ఆ పిల్లకి చెప్తానని మాటిచ్చాను."

గంట కొట్టారు. పిల్లలు వరండాలో అటూ ఇటూ పరిగెత్తారు. జ్యోతి తరగతి వైపు చూసి, చేతి గడియారం చూసుకుని, పేపరుని కిటికీ గట్టు మీద పెట్టి ఎర్రపెన్ను మూత తీసింది. నిలబడే దిద్దింది. ఒకచోట ఒత్తు తప్పితే సున్నా చుట్టింది. వ్యాసం దగ్గర నెమ్మదించి మొత్తం చదివింది. పేజీ తిప్పేటప్పుడు గాలికి ఎగరకుండా సత్యభామ అంచు పట్టుకుంది.

"అరవై ఎనిమిది. ఎనభైకి," అంది టీచరు. "ఈ క్లాసులో నాలుగో మార్కు."

అలవాటుగా చెయ్యి రిజిస్టరు మీదికి వెళ్ళింది. ఇరవై మూడు దగ్గర ఇప్పుడు వేరే అమ్మాయి పేరు ఉంది. కాసేపు పెన్ను అక్కడే ఆపి, మూత పెట్టేసి, పేపరు సత్యభామకి ఇచ్చి తరగతిలోకి వెళ్ళిపోయింది. లోపల పిల్లలందరూ లేచి నిలబడిన చప్పుడు వినిపించింది.

సత్యభామ పేపరు మొదటి పేజీ ఫోటో తీసి నోరో ఫోనుకి పంపింది. కింద 68 అని టైపు చేసింది. ఇంకేమైనా రాద్దామని రెండు మాటలు కొట్టి, చెరిపేసింది. అంకె మాత్రం వెళ్ళింది. అందినట్టు గుర్తు పడింది, చూసినట్టు కూడా పడింది. ఆమె వరండాలో నిలబడి ఎదురుచూసింది. జవాబు రాలేదు. కాసేపటికి ఆయా వచ్చి, తరగతులు జరిగేటప్పుడు బయటివాళ్ళు ఇక్కడ ఉండకూడదని చెప్పింది.